సున్నపురాయి పొరలూ సముద్రమట్టమూ: ఏ అంకెను ఎంత నమ్మాలి?

ఇసుకరాయిలోని రేణువు ఎక్కడో కొండల్లో విరిగి, ఏట్లో దొర్లి, సముద్రానికి చేరుతుంది. చివరికి అది ఆగిన చోట నీరు మోకాటి లోతా, వంద మీటర్ల లోతా అన్నది రేణువును చూసి చెప్పడం కష్టం. సున్నపురాయి చాలావరకు పుట్టిన చోటే పేరుకుంటుంది. పగడాలు, ఆల్చిప్పలు, సున్నపు నాచులు, కంటికి ఆనని సూక్ష్మజీవులు సముద్రపు నీటిలోని కాల్షియంతో కట్టుకున్న గూళ్లూ, పెంకులూ, వాటి ముక్కలూ, పొడీ కలిసి గట్టిపడితే అది తయారవుతుంది. ఈ జీవుల్లో ముఖ్యమైనవాటికి ఎండ తగలాలి, అంటే అవి నీటి పైభాగానికి దగ్గర్లోనే బతకాలి. ప్రాచీన సముద్రాల మట్టాన్ని వెతికేవాళ్లు నూటయాభై ఏళ్లకు పైగా సున్నపురాయి చుట్టూ తిరుగుతున్నది ఇందుకే.

ఆ వెతుకులాటలో దొరికిన అంకెలన్నిటినీ ఒకే తీరుగా నమ్మలేం. కొన్ని మీటర్ల దాకా, శతాబ్దాల దాకా నిలబడ్డాయి. కొన్ని ఏళ్ల తరబడి చలామణి అయి, కాలాన్ని మరో పద్ధతిలో కొలిచిన రోజున కూలిపోయాయి. పొరల వయసును ఆ పొరల అమరికతో సంబంధం లేని గడియారంతో కొలవగలిగామా లేదా అన్నదే ఈ రెండు రకాలనూ వేరుచేస్తుందని నేను నమ్ముతాను. ఈ సమీక్ష ఆ దృష్టితో రాసినదే.

ముందు లోతును చెప్పే గుర్తుల సంగతి. కరీబియన్‌లో అక్రోపోరా పామాటా అనే కొమ్మల పగడం ఎక్కువగా 5 మీటర్ల లోపు నీటిలోనే గుబురుగా పెరుగుతుంది. అలలు అడుగును నిత్యం కదిలించే రెండు మూడు మీటర్ల నీటిలో చేపగుడ్ల లాంటి గుండ్రటి సున్నపు రేణువులు, ఊయిడ్లు, తయారవుతాయి. బహామాస్ తిన్నెల మీద ఇప్పటికీ తయారవుతున్నాయి. ఆటుపోట్ల మధ్య తడిసి ఆరే సున్నపు బురదలో ఎండు పగుళ్లు పడతాయి, గాలిబుడగలు చిన్న చిన్న కంతలు మిగులుస్తాయి, సూక్ష్మజీవుల చాపలు పల్చటి పొరలు పేరుస్తాయి. సముద్రం పూర్తిగా వెనక్కిపోతే వాననీటికి రాతి పైభాగం కరిగి గుంటలు పడుతుంది, వాటిలో ఎర్రమట్టి చేరుతుంది. ఆ గుంటల మీద మళ్లీ పగడాలు కనిపించాయంటే సముద్రం తిరిగి వచ్చిందన్నమాట.

అయితే ఇవన్నీ చెప్పేది ఆ చోట నీరు ఎంత లోతుందని మాత్రమే. లోతు మారడానికి సముద్రం లేవడమో దిగడమో కారణం కావచ్చు, కింద నేల కుంగడమో పైకి రావడమో కారణం కావచ్చు, అడుగున సున్నం పేరుకుని చోటు నిండిపోవడమూ కావచ్చు. తెలియనివి మూడు, రాయి ఇచ్చే సమాచారం ఒకటి. ఈ రంగంలో జరిగిన వాదోపవాదాలన్నీ ఆ ఒక్కదాని నుంచి మూడింటినీ ఎలా విడదీయాలన్న దగ్గరే పుట్టాయి.

నేల కుంగుబాటును మొదట పట్టుకున్నది చార్లెస్ డార్విన్. నడిసముద్రంలో వలయాకారంగా ఉండే పగడపు దీవులు, మెల్లగా కుంగిపోతున్న అగ్నిపర్వతాల మీద పగడాలు పైపైకి పెరగడం వల్ల ఏర్పడ్డాయని 1842లో ఆయన వాదించాడు. దాన్ని పరీక్షించడానికి రాయల్ సొసైటీ 1896 నుంచి 1898 దాకా పసిఫిక్‌లోని ఫునాఫుటి దీవిలో బోరు వేయించింది. 340 మీటర్లు దిగినా పగడపు సున్నమే వచ్చింది, అగ్నిపర్వత శిల తగల్లేదు. తేలింది 1952లో. అమెరికా అణుపరీక్షల నేపథ్యంలో ఎనెవెటాక్ దీవిలో వేసిన బోర్లు 1,200 మీటర్లకు పైగా సున్నపురాయిని దాటి బసాల్టును తాకాయి. లోతులేని నీటిలో పెరిగిన పగడం కిలోమీటరు కింద దొరికిందంటే నేల అంత కుంగిందని అర్థం. నాకు ఇందులో ఇంకా విలువైనదిగా తోచే సంగతి మరొకటుంది. అక్కడి రాతి కడ్డీల్లో వాన కరిగించిన ఉపరితలాలు మధ్య మధ్య కనిపించాయి, నేలమీద బతికే నత్తల శిలాజాలు కూడా దొరికాయి. కుంగే నేల చోటు ఇస్తూ పోతే, సముద్రపు చిన్న చిన్న హెచ్చుతగ్గులు ఆ చోటులో నమోదయ్యాయి.

నేల పైకి లేచే చోట కథ వేరుగా నడుస్తుంది. బార్బడోస్ దీవి మెల్లగా పైకి వస్తోంది, వెయ్యేళ్లకు సుమారు మూడోవంతు మీటరు చొప్పున. సముద్రం ఎత్తుగా ఉన్న ప్రతి కాలంలోనూ ఒడ్డున ఒక పగడపు దిబ్బ పెరిగింది, తరువాతి సముద్రానికి అందకుండా ఆ దిబ్బను నేల పైకి తీసుకుపోయింది. ఇప్పుడా దీవి మెట్లు మెట్లుగా ఉంటుంది. పాపువా న్యూగినీలోని హ్యూవాన్ ద్వీపకల్పంలోనూ ఇలాంటి మెట్లే, ఇంకా ఎత్తుగా ఉన్నాయి. జాన్ చాపెల్ 1970ల నుంచి వాటిని చదివాడు. బార్బడోస్ మెట్లకు సుమారు 1,25,000, 1,05,000, 82,000 ఏళ్ల వయసులు వచ్చినట్టు 1969లో మెసోలెల్లా, మాథ్యూస్, బ్రోకర్, థర్బర్ ప్రకటించారు. భూమి కక్ష్య, అక్షం మార్పులే హిమయుగాలకు కారణమన్న మిలన్‌కోవిచ్ సిద్ధాంతానికి అప్పటిదాకా దొరికిన ఆధారాల్లో ఇది బలమైనది.

ఆ వయసులు వచ్చిన తీరే ఈ రంగానికి పునాది. పగడం పెరిగేటప్పుడు సముద్రపు నీటిలోని యురేనియంను తన గూడులో కలుపుకుంటుంది. థోరియం మాత్రం నీటిలో దాదాపు కరగదు కాబట్టి గూడులోకి చేరదు. ఆ తరువాత గూడులో కనిపించే థోరియం-230 అంతా యురేనియం క్షీణించి పుట్టినదే. రెండింటి నిష్పత్తే వయసు. ఈ గడియారం సుమారు 5 లక్షల ఏళ్ల దాకా పనిచేస్తుంది. దీనికి ఒక షరతుంది. పగడపు గూడు మొదట అరగొనైట్ అనే ఖనిజంగా ఉంటుంది. వాననీరు తగిలి అది కాల్సైట్‌గా మారితే యురేనియం అటూ ఇటూ జరిగి లెక్క చెడిపోతుంది. అందుకే మారని పగడాన్ని ఏరుకోవడమే ఈ పనిలో సగం.

1988లో రిచర్డ్ ఫెయిర్‌బ్యాంక్స్ బృందం బార్బడోస్ ఒడ్డుకు ఎదురుగా సముద్రం అడుగున బోర్లు వేసింది. మునిగిపోయిన అక్రోపోరా పామాటా దిబ్బలు ఒకదాని మీద ఒకటి దొరికాయి. గత హిమయుగపు తీవ్ర దశలో సముద్రం నేటికన్నా సుమారు 121 మీటర్లు కింద ఉండేదని 1989లో ఆయన ప్రకటించాడు. మరుసటి ఏడాది ఎడువార్ బార్డ్, ఆయన సహచరులు అవే పగడాలకు యురేనియం-థోరియం వయసులు కట్టారు. 20 వేల ఏళ్ల ప్రాంతంలో, అంతకుముందు వాటికి కట్టిన రేడియోకార్బన్ వయసులు సుమారు 3,500 ఏళ్లు తక్కువ చూపిస్తున్నాయని తేలింది. సముద్రమట్టం కోసం తవ్విన రాయి రేడియోకార్బన్ గడియారాన్నే సరిచేసింది.

ఆ తరువాత తాహితీ వంతు వచ్చింది. సుమారు 14,500 ఏళ్ల కిందట సముద్రం ఒక్కసారిగా ఎగసిన ఘట్టం బార్బడోస్‌లోనే కనిపించినా, దాని వేగం, సమయం స్పష్టంగా తేలలేదు. 2005లో అంతర్జాతీయ సముద్ర తవ్వకాల నౌక తాహితీ దిబ్బల్లో తీసిన కడ్డీలను పియర్ డెషాం బృందం 2012లో వివరించింది. 14,650, 14,310 ఏళ్ల మధ్య సముద్రం 14 నుంచి 18 మీటర్లు పెరిగిందని వారి లెక్క. అంటే ఏడాదికి 4 సెంటీమీటర్ల పైమాటే. నేటి పెరుగుదల ఏడాదికి సుమారు 4 మిల్లీమీటర్లు. మంచు కరిగితే సముద్రం ఎంత వేగంగా పెరగగలదు అన్న ప్రశ్నకు మనిషి దగ్గర ఉన్న జవాబుల్లో ఇంతకన్నా సూటిగా, ఇంత చక్కగా కాలం కట్టినది మరొకటి లేదు.

అలాగని బార్బడోస్ అంకెను కళ్లు మూసుకుని తీసుకోకూడదు. ఆ దీవి ఎంత వేగంగా లేస్తోందో లెక్కకట్టేందుకు, 1,25,000 ఏళ్లనాటి మెట్టు పుట్టినప్పుడు సముద్రం నేటికన్నా సుమారు 6 మీటర్లు ఎత్తున ఉందని ముందే అనుకున్నారు. ఆ అనుకోలులో పొరపాటుంటే తక్కినవన్నీ కొద్దికొద్దిగా జరుగుతాయి. పైగా మంచు బరువుకు కుంగిన ఖండాలు, మంచు కరిగాక మెల్లగా లేస్తూ, చుట్టుపక్కల నేలను దించుతూ ఉంటాయి. ఇవన్నీ లెక్కలోకి తీసుకుని కర్ట్ లాంబెక్ బృందం 2014లో హిమయుగపు కనిష్ఠాన్ని నేటికన్నా 134 మీటర్లు దిగువన పెట్టింది. 121కీ 134కీ మధ్య తేడా చిన్నదిగా కనిపించవచ్చు గానీ, అది ఇప్పుడు గ్రీన్‌లాండ్ మీదున్న మంచుకు దాదాపు రెండింతలు.

ఇంతవరకు గడియారం ఉన్న కాలం. 5 లక్షల ఏళ్ల గీత దాటితే పద్ధతే మారిపోతుంది. పగడాల లోపలి గడియారం ఆగిపోతుంది. అప్పుడు భూవిజ్ఞానులు పొరల అమరికనే గడియారంగా వాడడం మొదలుపెట్టారు.

ఆల్ఫ్రెడ్ ఫిషర్ 1964లో ఆస్ట్రియాలోని ఆల్ప్స్ పర్వతాల ట్రయాసిక్ యుగపు సున్నపురాయిలో మూడు రకాల పొరలు మళ్లీ మళ్లీ రావడాన్ని వర్ణించాడు. కింద ఎర్రమట్టి, దాని మీద ఆటుపోట్ల నాటి సన్నని చారల రాయి, పైన పెద్ద ఆల్చిప్పలున్న సముద్రపు సున్నం. వాటికి లోఫర్ చక్రాలని పేరొచ్చింది. మెల్లగా కుంగే నేల మీద సముద్రం లయగా లేచి పడిందని ఆయన చెప్పాడు. చక్రాల మందం సగటు నుంచి ఎంత తప్పుతోందో కూడుతూ గీసే పటం కూడా ఆయనదే, ఇప్పటికీ ఫిషర్ పటమనే వాడుతున్నారు. అయితే ఒక్కో చక్రంలో నీరు పైకి పోయేకొద్దీ లోతెక్కుతోందా, తగ్గుతోందా అన్న దాని మీద తరువాతివాళ్లు ఏకీభవించలేదు. అవే పొరలను కొందరు ఒక క్రమంలో, మరికొందరు దానికి తలకిందులుగా చదివారు. చక్రం మొదలెక్కడో చెప్పే గుర్తు రాతిలో లేనప్పుడు చక్రాల లెక్క ఎంత జారుడుగా ఉంటుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

అసలు పరీక్ష ఉత్తర ఇటలీ డోలమైట్ పర్వతాల్లోని లాటెమార్‌లో జరిగింది. మధ్య ట్రయాసిక్‌లో అది ఒక చిన్న సున్నపు దీవి. ఇప్పుడు దాని మధ్యభాగంలో 500కు పైగా పల్చటి చక్రాలు నిలువుగా కనిపిస్తాయి, ఒక్కోటి మీటరు కన్నా తక్కువ మందం. గోల్డ్‌హామర్, డన్, హార్డీ 1987లో వాటిలో అయిదు అయిదుగా గుంపులు చూపించారు. భూమి అక్షం సుమారు 20 వేల ఏళ్లకోసారి ఊగుతుంది, కక్ష్య ఆకారం లక్ష ఏళ్లకోసారి మారుతుంది. లక్షలో 20 వేలు అయిదు. ఇంత చక్కగా కుదిరాక ఒక్కో చక్రం ఒక్కో ఊగు అనీ, ప్రతి ఊగులోనూ సముద్రం లేచి పడిందనీ నమ్మకం బలపడింది. లిండా హిన్నోవ్, ఆమె సహచరులు వర్ణపట గణితంతో ఆ లయను మరింత స్పష్టంగా చూపించారు.

కూడిక వేస్తే ఇబ్బంది తెలుస్తుంది. 500 చక్రాలు, ఒక్కోటి 20 వేల ఏళ్లు అంటే కోటి ఏళ్లకు పైమాటే. నేటి కొలమానంలో మధ్య ట్రయాసిక్ మొత్తం సుమారు కోటి ఏళ్లు, లాటెమార్ చక్రాలు అందులో ఒక ముక్క మాత్రమే. పీటర్ బ్రాక్ బృందం 1996లో ఆ పొరలను పక్క లోయల్లోని అదే కాలపు సముద్ర పొరలతో శిలాజాల ద్వారా పోల్చింది. ఆ పొరల్లో అగ్నిపర్వత బూడిద ఉంది, బూడిదలో జిర్కాన్ స్ఫటికాలున్నాయి, వాటిలో యురేనియం సీసంగా మారే గడియారముంది. అది చెప్పిన కాలం కోటి ఏళ్లలో చిన్న భాగమే. రోలాండ్ ముండిల్ 2003లో మరిన్ని జిర్కాన్లతో దాన్ని గట్టిపరిచాడు. మరుసటి ఏడాది డెనిస్ కెంట్, జియోవన్నీ ముట్టోని, బ్రాక్ భూ అయస్కాంత దిశల ఆధారంగా చక్రాల భాగం మొత్తం పది లక్షల ఏళ్ల లోపే ఏర్పడిందన్నారు. అంటే ఒక్కో చక్రానికి సగటున రెండు వేల ఏళ్లు కూడా లేవు.

ఈ వాదం పూర్తిగా చల్లారలేదు. లయ ఉందనేవాళ్లు ఇంకా ఉన్నారు. నా తీర్పు మాత్రం జిర్కాన్ల వైపే. అయిదు ఒకటి నిష్పత్తి ఎంత అందంగా ఉన్నా, కాలం చాలకపోతే అది 20 వేల ఏళ్ల ఊగు కాలేదు. మరి ఆ చక్రాలు ఎందుకు వచ్చాయి? రాబర్ట్ గిన్స్‌బర్గ్ 1971లోనే ఒక దారి చూపించాడు. సముద్రం కదలనక్కర్లేదు. నేల నిలకడగా కుంగుతూ ఉంటే ఒడ్డుపక్క బురదమేట ముందుకు పెరిగి సున్నం పుట్టే లోతులేని నీటిని మింగేస్తుంది. సరఫరా ఆగుతుంది, నేల కుంగి మళ్లీ నీరు చేరుతుంది, మళ్లీ చక్రం. డ్రమ్మండ్, విల్కిన్సన్ 1990లలో ఎన్నో సున్నపు శ్రేణుల మందాలను పరిశీలించి, వాటి పంపిణీ చాలాచోట్ల యాదృచ్ఛికంగా వచ్చేదానికి భిన్నంగా లేదని చూపారు. పైగా సముద్రం వెనక్కిపోయిన కాలంలో ఏమీ పేరుకోదు. ఆ కాలమంతా ఒక గీతలో ఇమిడిపోతుంది. ఎన్ని చక్రాలు పొరగా మిగలకుండా పోయాయో లెక్కించే మార్గం పొరల్లో లేదు.

పెద్ద కాలాల పటాలకూ ఇదే జబ్బు. పీటర్ వెయిల్, ఎక్సాన్ సంస్థలోని ఆయన సహచరులు 1977లో సముద్రపు అంచుల్లో శబ్ద తరంగాలతో తీసిన చిత్రాల నుంచి ప్రపంచ సముద్రమట్టపు వక్రరేఖ గీశారు. బిలాల్ హక్, యాన్ హార్డెన్‌బోల్, వెయిల్ 1987లో ట్రయాసిక్ నుంచి నేటిదాకా దాన్ని విస్తరించారు. చమురు అన్వేషకులందరి గోడలమీదా ఆ పటం ఉండేది. ఆండ్రూ మియాల్ 1992లో చేసిన పరీక్ష నాకు మరపురానిది. యాదృచ్ఛిక అంకెలతో కల్పిత పొరల వరుసలు తయారుచేసి ఆ పటంతో పోల్చితే, కనీసం 77 శాతం ఘటనలు సరిపోయాయి. దేనికైనా సరిపోయే పటం దేన్నీ రుజువు చేయదు. కెనెత్ మిల్లర్ బృందం 2005లో న్యూజెర్సీ తీరపు బోర్ల నుంచి క్రెటేషియస్ యుగపు గరిష్ఠాన్ని నేటికన్నా సుమారు 100 మీటర్లు ఎత్తున పెట్టింది, హక్ పటంలో అది దాదాపు 250. తరువాత ఆ న్యూజెర్సీ తీరమే భూమి లోపలి ప్రవాహాల వల్ల కుంగిందని తేలడంతో ఆ 100 కూడా పెరగవలసి ఉంటుందని కొందరు వాదించారు. ఇంత పాత కాలాల విషయంలో సముద్రం లేచిందా, దిగిందా అన్నంతవరకు నమ్ముతాను. ఎన్ని మీటర్లన్నది ఇంకా ఎవరి చేతిలోనూ లేదు.

సముద్రం లేవడం, నేల కుంగడం, సున్నం పేరుకోవడం కాక నాలుగో కారణం ఉండవచ్చని మాల్దీవులు నేర్పాయి. సున్నపు దీవులు పెరగడం మాని మునిగిపోతే సాధారణంగా సముద్రమట్టాన్నే తప్పుపట్టేవారు. 2015లో క్రిస్టియన్ బెట్జ్‌లర్, గ్రెగర్ ఎబర్లీ బృందం మాల్దీవుల అడుగున తవ్వినప్పుడు, సుమారు 1.29 కోట్ల ఏళ్ల కిందట పొరల తీరు ఉన్నట్టుండి మారిన చోట ప్రవాహాలు మేటవేసిన అవక్షేపాలు మొదలయ్యాయి. మన రుతుపవనాల గాలులు బలపడి, ఆ గాలులు నడిపే ప్రవాహాలు దిబ్బల్ని కోసేయడమే కారణమని వారి నిర్ణయం.

తెలుగునేల మీద ఈ ప్రశ్న మరీ పాతది. కడప జిల్లా వేంపల్లె డోలమైట్ పొరలు వెయ్యి మీటర్లకు మించిన మందం, తుమ్మలపల్లె యురేనియం గని వాటిలోదే. సూక్ష్మజీవుల చాపలు పేర్చిన స్ట్రోమటొలైట్లు, ఎండు పగుళ్లు, ఊయిడ్లు అన్నీ ఉన్నాయి. లోతులేని సముద్రం పదేపదే వచ్చిపోయిందనడంలో సందేహం లేదు. వాటి పైన ఉన్న పొరల్లోకి చొచ్చుకొచ్చిన పులివెందుల శిలాద్రవ పలకకు వయసు సుమారు 188.5 కోట్ల ఏళ్లు. వేంపల్లె రాయి అంతకన్నా పాతదని దానితో తెలుస్తుంది, ఎంత పాతదో తెలియదు. ఆ కాలపు వయసుల్లో ఉండే కొద్ది శాతం తేడా కూడా కోట్ల ఏళ్లవుతుంది. అక్కడ చక్రాలు లెక్కపెట్టి కక్ష్యా కాలాలు చెప్పేవాళ్లను లాటెమార్ గుర్తుచేసి ఆపాలి. వేంపల్లె పొరల మధ్య బూడిద దొరుకుతుందేమోనని గట్టిగా వెతకడం అంతకన్నా అవసరం.

రాజమండ్రి దగ్గరి కాటేరు, గౌరీపట్నం క్వారీల్లో పరిస్థితి మెరుగు. దక్కన్ లావా ప్రవాహాల మధ్య సముద్రపు, ఉప్పుటేరు శిలాజాలున్న సున్నపురాయి ఉంది. గెర్టా కెల్లర్ బృందం 2008లో అక్కడి సూక్ష్మ శిలాజాలను బట్టి ఆ పొర డైనోసార్ల అంతం జరిగిన వెంటనే ఏర్పడిందని నిర్ధారించింది. కాలం సన్నగా తెలిసింది. అయినా నీరు ఉప్పుటేరు నుంచి సముద్రానికి మారింది సముద్రం లేచినందుకా, లావా బరువుకు నేల కుంగినందుకా అన్నది ఒక్క చోటి పొరతో తేలదు.

మంచు కరిగితే ఎంత సముద్రం వస్తుందన్న నేటి భయానికి జవాబు వెతికే చోటు మళ్లీ యువ సున్నపురాళ్లే. మజోర్కా దీవిలోని ఆర్టా గుహలో, సముద్రపు నీరు నిలిచిన ఎత్తున గుహ స్తంభాలకు కట్టిన సున్నపు పట్టీలను బట్టి, సుమారు 32.6 లక్షల ఏళ్ల కిందట సముద్రం నేటికన్నా 16 మీటర్లు ఎత్తున ఉందని ఓనా డుమిత్రు బృందం 2019లో అంచనా వేసింది. ఆ అంచనాకు అటూ ఇటూ వెడల్పు ఎక్కువే. దగ్గరి కాలమైన 1,25,000 ఏళ్ల విషయంలోనే పెద్ద తగువుంది. సీషెల్స్ గ్రానైట్ దీవులకు అతుక్కున్న పగడాల నుంచి ఆండ్రియా డటన్ బృందం 2015లో 7.6 మీటర్లు అంది, 1.7 అటూ ఇటూ. మంచు ఖండాలకు దూరంగా, కదలని శిల మీద ఉన్న పగడాలవి. బ్లేక్ డయర్, జాకలిన్ ఆస్టర్‌మన్, మౌరీన్ రేమో బృందం 2021లో బహామాస్ దీవుల పొడవునా పాత ఒడ్డుగీతల ఎత్తులు కొలిచి, ఉత్తరం నుంచి దక్షిణానికి అవి మారే తీరుతో మంచు బరువు ప్రభావాన్ని వేరుచేసింది. కనీసం 1.2 మీటర్లు, 5.3 దాటి ఉండే అవకాశం చాలా తక్కువ అని తేల్చింది. రెండు పరిశీలనలూ జాగ్రత్తగా చేసినవే, రెండింటి వెనకా గడియారం ఉంది. తగువు ఇప్పుడు వయసుల నుంచి నేల కదలికల మీదికి మారింది. ఆ రెండు మధ్య విలువల తేడా, పశ్చిమ అంటార్కిటికాలో సముద్రమట్టం కన్నా దిగువన కూర్చున్న మంచు కరిగితే వచ్చే మూడు చిల్లర మీటర్లకు తక్కువేమీ కాదు. అప్పుడా మంచు కూలిందా లేదా అన్నది సీషెల్స్ పగడాలతో బహామాస్ ఒడ్డుగీతలను కలిపి, భూమి లోపలి ప్రవాహాలను ఇంకా బాగా లెక్కకట్టి తేల్చవలసిన పని.